కోడ్ ఒకటే, జవాబులు రెండు

కంప్యూటర్ సందేహాలు: తిరుపతి నుంచి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. పైథాన్ స్క్రిప్టును, అంటే ఆ భాషలో రాసిన చిన్న ప్రోగ్రామ్‌ను, కోడ్ రాసుకునే ఎడిటర్‌లో నడిపితే ఒక ఫలితం, బయట నడిపితే ఇంకొక ఫలితం. కొందరు పేరు వేయవద్దని కోరారు కాబట్టి అందరికీ ఊరి పేరు మాత్రమే ఇస్తున్నాను. కోడ్‌లో వాడే మాటలను ఇక్కడ తెలుగు లిపిలో రాశాను. మీరు టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది చిత్తూరు పక్కన పల్లె. నాన్న రైతుల దగ్గర తోతాపురి కాయ కొని గుజ్జు ఫ్యాక్టరీలకు తోలుతారు. కాటా చీటీల్లోని బరువులను రోజూ ఒక సీఎస్‌వీ ఫైల్లో (కామాలతో విడదీసిన పట్టికలో) ఎక్కించి, రైతువారీగా మొత్తం కట్టే చిన్న పైథాన్ స్క్రిప్టు రాశాను. ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి కమాండ్ ప్రాంప్ట్‌లో నడిపితే మొత్తం 142.75 టన్నులు వస్తోంది. అదే స్క్రిప్టును వీఎస్ కోడ్ ఎడిటర్‌లో తెరిచి రన్ గుర్తు నొక్కితే 186.4 టన్నులు వస్తోంది. ఎర్రర్ ఏదీ రాదు. నాన్న చేత్తో కూడితే 142.75 వచ్చింది. కోడ్ ఎంత మార్చినా ఎడిటర్ మాత్రం 186.4 దగ్గరే ఉంది. ఎడిటర్‌కు కూడిక రాదా? తెర ఫోటో జతచేశాను. (పాఠకుడు, చిత్తూరు)

జవాబు: ముందు మీ నాన్నగారి లెక్కనే నమ్మి రైతులకు డబ్బు ఇవ్వండి. ఆ లెక్క సరైనదే. ఎలా తెలిసిందో చెబుతాను.

ఎడిటర్‌కు కూడిక రావడం, రాకపోవడం అనేది లేదు. అది మీ స్క్రిప్టును తానుగా నడపదు. మీరు రన్ నొక్కగానే పైథాన్ అనే వేరే ప్రోగ్రామ్‌ను పిలిచి, ‘ఈ ఫైలును నడుపు’ అని అప్పగిస్తుంది. ఆ అప్పగింతలో మీకు కనిపించని సంగతులు కొన్ని ఉంటాయి. ఏ పైథాన్‌ను పిలిచింది, ఏ ఫోల్డర్‌లో నిలబెట్టి నడిపింది, వచ్చిన ఫలితాన్ని ఏ దారిన తెచ్చి తెర మీద చూపింది అనేవి ఆ సంగతులు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఇవే సంగతులను మీరు మీకు తెలియకుండానే ఇంకో రకంగా నిర్ణయిస్తున్నారు. కోడ్ ఒకటే అయినా నడిచిన పరిస్థితులు రెండు. అందుకే కోడ్‌ను ఎంత మార్చినా మీ 186.4 కదలలేదు.

ఇప్పుడు మీ ఫోటో చూడండి. వీఎస్ కోడ్‌లో మీరు తెరిచింది ‘మామిడి లెక్కలు’ అనే పెద్ద ఫోల్డర్. స్క్రిప్టు ఉన్నది దాని లోపలి ‘ఈ ఏడాది’ ఫోల్డర్‌లో. వీఎస్ కోడ్ మామూలుగా టెర్మినల్‌ను (స్క్రిప్టు నడిచే కింది కిటికీని) మీరు తెరిచిన పెద్ద ఫోల్డర్‌లోనే మొదలుపెడుతుంది, స్క్రిప్టు ఎంత లోపల ఉన్నా సరే. ఫోటోలో కింద టెర్మినల్ వరుసలో దారి ‘మామిడి లెక్కలు’ దగ్గరే ఆగిపోయి ఉంది. ఎడమ వైపు ఫైళ్ళ పట్టికలో ‘లోడ్స్.సీఎస్‌వీ’ రెండు చోట్ల కనబడుతోంది. ఒకటి ‘ఈ ఏడాది’ లోపల, ఇంకొకటి పెద్ద ఫోల్డర్‌లోనే. ఆ రెండోది పోయిన ఏడాది లెక్క అయి ఉంటుంది. తెరిచి తేదీలు చూడండి.

మీ కోడ్‌లో ఫైలు పేరు మాత్రమే ఉంది, పూర్తి దారి లేదు. ‘వీధి చివర అంగడి’ అని చెప్పినప్పుడు అది ఏ అంగడి అన్నది మనం నిలబడ్డ వీధిని బట్టి మారినట్టు, ఉత్త ఫైలు పేరు ఇస్తే అది ఏ ఫైలు అన్నది పైథాన్ నిలబడ్డ ఫోల్డర్‌ను బట్టి మారుతుంది. పెద్ద ఫోల్డర్‌లో ఆ పేరుతో ఫైలు లేకపోయి ఉంటే ‘ఫైల్ నాట్ ఫౌండ్’ అని ఎర్రర్ వచ్చేది, మీరు అప్పుడే పట్టుకునేవారు. అదే పేరుతో పాత ఫైలు ఉండటం వల్ల పైథాన్ ఏ ఫిర్యాదూ లేకుండా పోయిన ఏడాది బరువులు కూడి పెట్టింది. ఎర్రర్‌తో ఆగిపోయే స్క్రిప్టును చూసి నేను ఎప్పుడూ భయపడను. ఇలా నిశ్శబ్దంగా తప్పు అంకె చెప్పే స్క్రిప్టును చూస్తే భయం. మీది రైతు చేతికి వెళ్ళే డబ్బు లెక్క కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మందు సులభం. స్క్రిప్టు ఎక్కడ నిలబడి నడిచినా, తన పక్కనే ఉన్న ఫైలును వెతికేలా రాయండి. పైథాన్‌తోనే వచ్చే పాత్‌లిబ్ మాడ్యూల్‌లో (ముందే రాసిపెట్టిన కోడ్ ఫైల్లో) ‘పాత్’ ఉంది. దానికి ‘ఫైల్’ అనే మాటను, ఇరువైపులా రెండేసి అండర్‌స్కోర్లతో, ఇవ్వండి. అది నడుస్తున్న స్క్రిప్టు దారి. దాన్ని ‘రిజాల్వ్’ చేసి ‘పేరెంట్’ తీసుకుంటే స్క్రిప్టు ఉన్న ఫోల్డర్ వస్తుంది. దాని వెనుక ఫైలు పేరు కలపండి. వీఎస్ కోడ్ సెట్టింగ్స్‌లో ‘ఎగ్జిక్యూట్ ఇన్ ఫైల్ డిర్’ అనే పైథాన్ సెట్టింగ్‌కు టిక్ పెట్టినా ఈ ఇబ్బంది తీరుతుంది. కానీ ఆ టిక్ మీ కంప్యూటర్ వరకే. రేపు ఈ స్క్రిప్టును ఇంకొక మండీ వారికి ఇస్తే వారి దగ్గర ఇదే తప్పు మళ్ళీ జరుగుతుంది. కోడ్‌లో సరిచేయడమే నాకు ఇష్టం.

ఇంకొక పని కూడా చేయండి. మొత్తానికి పైన స్క్రిప్టు మూడు సంగతులు ప్రింట్ చేయాలి: చదివిన ఫైలు పూర్తి దారి, అందులో ఎన్ని వరుసలు, చివరి లోడు తేదీ. ఆ తేదీ పోయిన ఏడాదిది అని తెర మీద కనిపించి ఉంటే మీరు ఈ ఉత్తరం రాయవలసి వచ్చేది కాదు.

మిగతా పాఠకులకూ పనికొస్తుందని చెబుతున్నాను. ఎడిటర్‌లో ఒకటి, బయట ఒకటి వస్తే, కోడ్‌ను ముట్టుకోకముందు స్క్రిప్టు తలలో నాలుగు ప్రింట్లు పెట్టి రెండు చోట్లా నడపండి. ‘సిస్.ఎగ్జిక్యూటబుల్’ ఏ పైథాన్ నడుస్తోందో చెబుతుంది. ‘సిస్.వెర్షన్’ దాని వయసు చెబుతుంది. ‘ఓఎస్.గెట్‌సీడబ్ల్యూడీ’ నిలబడ్డ ఫోల్డర్ చెబుతుంది. ‘సిస్.ఎస్‌టీడీఅవుట్.ఎన్‌కోడింగ్’ ఫలితం ఏ లిపి పద్ధతిలో బయటికి పోతోందో చెబుతుంది. రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టండి. తేడా ఉన్న వరుస దగ్గరే చాలాసార్లు మీ జబ్బు ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. హాజరు శాతం లెక్కించే స్క్రిప్టు రాశాను. 80 రోజుల్లో 61 రోజులు వస్తే 76.25 రావాలి. మా ఇంట్లో అలాగే వస్తుంది. కళాశాల ల్యాబ్‌లో లినక్స్ కంప్యూటర్ మీద, జీనీ ఎడిటర్‌లో నడిపితే సున్నా వస్తోంది. పైగా ముందున్న మాట, ఆ సున్నా కలిసి కుండలీకరణాల్లో, మధ్యలో కామాతో పడుతున్నాయి. (పాఠకురాలు, తిరుపతి)

జవాబు: ఆ కుండలీకరణాల మాట మీరు రాయడం చాలా మంచిదయింది, జబ్బు పేరు అక్కడే దొరికింది. ల్యాబ్‌లో నడుస్తున్నది పైథాన్ 2.

పైథాన్ 2లో రెండు పూర్ణాంకాలను భాగిస్తే పూర్ణాంకమే వస్తుంది. 61ని 80తో భాగిస్తే సున్నా, దాన్ని 100తో గుణిస్తే మళ్ళీ సున్నా. పైథాన్ 3లో అదే భాగహారం 0.7625 ఇస్తుంది. ప్రింట్ కూడా పైథాన్ 2లో ఫంక్షన్ కాదు. అందుకే మీరు కుండలీకరణాల్లో రెండు విలువలు ఇస్తే వాటిని ఒక జంటగా తీసుకుని, కుండలీకరణాలు, కామా, మాట చుట్టూ కొటేషన్ గుర్తులతో సహా అచ్చు వేస్తుంది. ఈ రెండు లక్షణాలు కలిసి కనిపిస్తే ఇక వేరే పరీక్ష అవసరం లేదు.

పైథాన్ 3 వచ్చింది 2008 చివరలో. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. అయినా పాత లినక్స్‌లు ఉన్న యంత్రాల్లో ‘పైథాన్’ అని పిలిస్తే ఇంకా 2.7 పలుకుతుంది. జీనీలో ‘బిల్డ్’ మెనూలో ‘సెట్ బిల్డ్ కమాండ్స్’ తెరిచి, ఎగ్జిక్యూట్ వరుసలో ‘పైథాన్’ అని ఉన్నచోట ‘పైథాన్3’ అని మార్చండి. పాత పైథాన్‌ను యంత్రం నుంచి తీసేయవద్దు. ఆ లినక్స్‌లోని కొన్ని పనులు దాని మీద ఆధారపడి ఉండవచ్చు. ల్యాబ్ బాధ్యులకు మర్యాదగా చెప్పండి, మీ తరువాతి తరగతి వారికీ మేలు జరుగుతుంది.

‘నంపై (లెక్కల లైబ్రరీ) ఇన్‌స్టాల్ చేశాను, అయినా ఎడిటర్ లేదంటోంది’ అని రాసిన వారికీ ఇదే జవాబు. మీరు ఒక పైథాన్‌లో ఇన్‌స్టాల్ చేశారు, ఎడిటర్ ఇంకొక పైథాన్‌ను పిలుస్తోంది. వీఎస్ కోడ్‌లో కింది పట్టీ మీద కనిపించే వెర్షన్‌ను నొక్కి సరైనదాన్ని ఎంచుకోండి.

ప్రశ్న: అమ్మా, నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మన పాత చిత్తూరు జిల్లా ఊళ్ళ పేర్లు ఒక ఫైల్లో రాసి, ఒక్కొక్క పేరులో ఎన్ని అక్షరాలో లెక్కపెట్టించాలని నా కోరిక. మనవరాలు విండోస్ కంప్యూటర్‌లో స్క్రిప్టు రాసి ఇచ్చింది. ఫైల్లో ‘నగరి’ ఒక్కటే ఉంటే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ‘తిరుపతి’ చేర్చగానే ‘చార్‌మ్యాప్’ అంటూ ఎర్రర్‌తో ఆగిపోతోంది. ఫైలు వదిలి పేరును నేరుగా కోడ్‌లోనే రాస్తే నల్ల తెరలో (కమాండ్ ప్రాంప్ట్‌లో) నడుస్తుంది, ఎడిటర్ కింది ప్యానెల్‌లో మళ్ళీ ‘చార్‌మ్యాప్’. నడిచినప్పుడు కూడా ‘తిరుపతి’కి 7 అని చెబుతోంది. ఉన్నవి నాలుగే కదా! కంప్యూటర్‌కు తెలుగు ఇంకా పట్టుబడలేదా? (పాఠకుడు, తిరుపతి)

జవాబు: మాస్టారూ, నమస్కారం. తెలుగు కంప్యూటర్‌కు బాగానే పట్టుబడింది. మీ ఉత్తరంలో మూడు వేరువేరు సంగతులు కలిసిపోయాయి. ఒక్కొక్కటిగా విడదీస్తాను. ఇంత శ్రద్ధగా గమనించి రాసిన ఉత్తరం నాకు చాలా రోజుల తరువాత వచ్చింది.

మొదటిది, ఫైలు చదవడం. అన్ని లిపుల గుర్తులకూ నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు ఒక వరుస కేటాయించారు. ఆ నంబర్లను ఫైల్లో బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఆ వరుసలోని ప్రతి గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. మీ ఫైలు యూటీఎఫ్-8లో ఉంది. స్క్రిప్టులో ఫైలు తెరిచేటప్పుడు ఆ సంగతి చెప్పలేదు కాబట్టి, పైథాన్ ఆ విండోస్‌కు అలవాటైన పశ్చిమ యూరప్ పట్టిక, విండోస్-1252, తీసుకుని ఒక్కొక్క బైట్‌నూ ఒక్కొక్క అక్షరంగా చదివింది. అందుకే ‘న’ ఉండవలసిన చోట నెత్తిన వాలు గీత ఉన్న రోమన్ అక్షరం, పక్కన డిగ్రీ గుర్తు, ఆ పక్కన రెండు చుక్కలు కనిపించాయి.

మరి ‘నగరి’ నడిచి ‘తిరుపతి’ ఎందుకు ఆగింది? ఆ యూరప్ పట్టికలో ఐదు గడులు ఖాళీ. మన ఉకారపు గుర్తులోని మూడో బైట్ సరిగ్గా ఒక ఖాళీ గడిలో పడుతుంది. పొల్లు గుర్తు ఇంకొక ఖాళీ గడిలో పడుతుంది. ‘ఏ’, ‘ఐ’, ‘ఝ’ అక్షరాలదీ ఇదే గతి. ‘నగరి’లో ఇవేవీ లేవు కాబట్టి చెత్తగానైనా బయటికి వచ్చింది. ‘తిరుపతి’లో ‘రు’ ఉంది, ఆగిపోయింది. ‘చిత్తూరు’ వేసి చూడండి, ఒత్తు దగ్గరే ఆగుతుంది. ‘కాణిపాకం’ వేస్తే మళ్ళీ పిచ్చి గుర్తులతో నడుస్తుంది. మీ మనవరాలి కోడ్‌లో ఫైలు తెరిచేచోట ‘ఎన్‌కోడింగ్’ అని రాసి దానికి ‘యూటీఎఫ్-8’ ఇస్తే ఇదంతా పోతుంది. ఎప్పుడైనా పట్టికను ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే ‘యూటీఎఫ్-8-సిగ్’ ఇవ్వండి. ఎక్సెల్ ఫైలు మొదట్లో కనబడని ఒక గుర్తు పెడుతుంది. దాన్ని తీసేయకపోతే మొదటి పేరు ఎప్పుడూ ఒక అక్షరం ఎక్కువ చూపిస్తుంది.

రెండోది, ఎడిటర్ ప్యానెల్. పైథాన్ 3.6 నుంచి విండోస్ నల్ల తెరకు నేరుగా యూనికోడ్‌లో రాస్తుంది. ఎడిటర్ ప్యానెల్ తెర కాదు, ఒక గొట్టం. గొట్టంలోకి పంపేటప్పుడు పైథాన్ మళ్ళీ ఆ యూరప్ పట్టికనే పట్టుకుంటుంది. అందులో తెలుగు గుర్తు ఒక్కటీ లేదు కాబట్టి ‘చార్‌మ్యాప్’ అంటూ మొరాయిస్తుంది. విండోస్‌లో ‘పైథాన్‌యూటీఎఫ్8’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రామ్‌లు మొదలయ్యేటప్పుడు చదివే సెట్టింగ్) పెట్టి విలువ 1 ఇవ్వండి. మాటలన్నీ పెద్ద అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి. పైథాన్ 3.7 నుంచి ఇది పనిచేస్తుంది. తరువాత ఎడిటర్‌ను పూర్తిగా మూసి మళ్ళీ తెరవాలి. పాత ఎడిటర్‌కు కొత్త సెట్టింగ్ తెలియదు.

తెలుగు చెడినప్పుడు ఎలా చెడిందో చూడటం అలవాటు చేసుకోండి. నలుచదరపు పెట్టెలు కనిపిస్తే అక్షరాలు క్షేమంగా ఉన్నాయి, ఫాంట్ లేదంతే. విండోస్‌లో వచ్చే నిర్మల ఫాంట్ ఎంచుకుంటే సరిపోతుంది. నెత్తి గీతల రోమన్ అక్షరాలు కనిపిస్తే బైట్లు చాలావరకు క్షేమం, చదివిన పట్టిక తప్పు. ప్రశ్నార్థకాలు వరుసగా కనిపిస్తే మాత్రం దారిలో ఎక్కడో అక్షరాలు పోయాయి, ఆ ఫలితం నుంచి వాటిని వెనక్కి తేలేము. అప్పుడు మూల ఫైలును కాపాడుకోండి, దాని మీద సేవ్ చేయకండి. నల్ల తెరలో ఒత్తులు విడిపోయి కనిపించినా దిగులు పడవద్దు. ఫలితాన్ని యూటీఎఫ్-8 ఫైల్లో రాయించి ఎడిటర్‌లో తెరిచి చూడండి, నిజం అక్కడ తెలుస్తుంది.

మూడోది, అక్షరాల లెక్క. పైథాన్ యూనికోడ్ గుర్తులను లెక్కపెడుతుంది. ‘తి’ అంటే దానికి ‘త’ ఒకటి, గుడి ఒకటి. అందుకే ‘తిరుపతి’ 7, ‘చిత్తూరు’ 8. మన లెక్క కావాలంటే నియమం మనమే చెప్పాలి. అచ్చులనూ హల్లులనూ మాత్రమే లెక్కపెట్టమనండి. ముందు పొల్లు గుర్తు ఉన్న హల్లును వదిలేయమనండి, అది ఒత్తు. గుణింతపు గుర్తులు, సున్న, విసర్గ లెక్కలోకి రావు. ఇలా చేస్తే ‘తిరుపతి’ 4, ‘చిత్తూరు’ 3, ‘పలమనేరు’ 5 వస్తాయి. పొల్లుతో ముగిసే మాటల్లో ఆ పొల్లును విడిగా లెక్కించాలా వద్దా అన్నది మీరు తేల్చండి, అది మీ శాస్త్రం.

ఇంకొక జాగ్రత్త. ‘ఫోన్‌లు’ వంటి మాటల్లో పొల్లు తరువాత ఒత్తు పడకుండా ఉండటానికి కంటికి కనబడని ఒక గుర్తు టైపు చేస్తాం. ఒకరు దాన్ని పెట్టి, ఇంకొకరు పెట్టకుండా రాస్తే చూడటానికి దాదాపు ఒకేలా ఉన్న మాటలు కంప్యూటర్‌కు వేరువేరు అవుతాయి. రెండు పట్టికలను పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. మీ పట్టిక పూర్తయ్యాక దయచేసి నాకూ పంపండి, చదవాలని ఉంది.

ప్రశ్న: నా స్క్రిప్టులో ముందు ‘లెక్క మొదలైంది’ అని ప్రింట్ అయ్యాకే ఎర్రర్ రావాలి. ఎడిటర్ ప్యానెల్‌లో ఎర్రర్ పైన పడుతోంది, ప్రింట్లన్నీ కింద పడుతున్నాయి. ఒక్కోసారి ప్రింట్లు అసలే రావు. ‘ఇన్‌పుట్’ (టైపు చేసింది తీసుకునే ఆదేశం) ఉన్న స్క్రిప్టయితే అలాగే నిలిచిపోతుంది. (పాఠకుడు, పలమనేరు)

జవాబు: ప్యానెల్ గొట్టం వంటిదని పైన చెప్పాను కదా. తెరకైతే పైథాన్ ప్రతి వరుసనూ వెంటనే పంపుతుంది. గొట్టానికైతే కొంత పోగయ్యేదాకా తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది. ఎర్రర్ వరుసలు వేరే దారిలో ఆగకుండా వెళతాయి, అందుకే అవి ముందు చేరాయి. స్క్రిప్టును మధ్యలో బలవంతంగా ఆపేస్తే అట్టిపెట్టిన వరుసలు అలాగే పోతాయి. ‘ఇక్కడిదాకా ప్రింట్ అయింది కాబట్టి తప్పు ఈ తరువాతి వరుసలోనే’ అని లెక్క వేసి చాలామంది సాయంత్రాలు పాడుచేసుకుంటున్నారు. ప్రింట్ల వరుసను నమ్మకండి, ఎర్రర్‌లో రాసిన లైన్ నంబర్‌ను నమ్మండి. పైథాన్‌ను ‘మైనస్ యూ’ ఆప్షన్‌తో పిలిపించినా, ప్రింట్‌లో ‘ఫ్లష్’కు ‘ట్రూ’ ఇచ్చినా వరుసలు వెంటనే వస్తాయి.

‘ఇన్‌పుట్’ సంగతి వేరు. వీఎస్ కోడ్‌లో కోడ్ రన్నర్ అనే ఎక్స్‌టెన్షన్ వాడుతున్నారనుకుంటాను. దాని ‘అవుట్‌పుట్’ ప్యానెల్ చూడటానికి మాత్రమే, అందులో టైపు చేయలేము. సెట్టింగ్స్‌లో ‘రన్ ఇన్ టెర్మినల్’ ఎంచుకోండి. అక్కడే ‘సేవ్ ఫైల్ బిఫోర్ రన్’ కూడా పెట్టుకోండి, సేవ్ చేయని మార్పు నడవదు.

ప్రశ్న: మేడమ్, నేను పదో తరగతి. పాచికల ఆట రాశాను. ‘ర్యాండమ్’ మాడ్యూల్‌లో ‘ర్యాండింట్’ లేదని ఎర్రర్ వస్తోంది. పుస్తకంలో ఉన్నట్టే రాశాను. నా ఫైలు పేరు కూడా ర్యాండమ్.పీవై అనే పెట్టాను. (విద్యార్థి, శ్రీకాళహస్తి)

జవాబు: బాబూ, నీ చివరి వాక్యమే జవాబు. పైథాన్ చాలా మాడ్యూళ్ళను ముందు నడుస్తున్న స్క్రిప్టు ఉన్న ఫోల్డర్‌లో వెతుకుతుంది. అక్కడ ర్యాండమ్ అనే పేరుతో నీ ఫైలే దొరికింది, అసలు మాడ్యూల్ దాకా వెళ్ళలేదు. నీ ఫైల్లో ర్యాండింట్ లేదు కదా. ఫైలు పేరు ‘డైస్_గేమ్.పీవై’ అని మార్చు, కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చనవసరం లేదు. సీఎస్‌వీ, మ్యాథ్, టైమ్, ఈమెయిల్ వంటి పేర్లు కూడా నీ ఫైళ్ళకు పెట్టకు. పైథాన్ 3.13 అయితే పేరు మార్చమని ఎర్రర్‌లోనే సూచన ఇస్తుంది, వీలైతే ఆ వెర్షన్ వేయించుకో. పాచికలు పడటం మొదలయ్యాక, 6 ఎన్నిసార్లు పడుతుందో వెయ్యిసార్లు వేయించి లెక్కపెట్టి చూడు.